వన్స్ మోర్ పడిన పిలుపు

గజేంద్రగడ మకాం
20 నవంబరు 1983

నీలక్కకు చంపవ్వ దండాలు.

ఇక్కడ నేను, నా మూతి, నా మోకాళ్ళు అందరం క్షేమం. అక్కడ నువ్వు, కళకప్ప బావ, బావ మగ్గం క్షేమమని తలుస్తాను.

మీ అత్త పోయి మాఘమాసానికి ఏడాది నిండుతుంది కదా. పోయినవాళ్ళ మీద మాట తూలకూడదు గాని, ఇరవై నాలుగేళ్ళు నన్ను మీ గడప తొక్కనివ్వలేదు ఆవిడ. నిన్ను నా నాటకం గడప తొక్కనివ్వలేదు. నేను మాత్రం ఆవిడకు రుణపడే ఉన్నానక్కా. ‘సంతలో సంసారం’లో నేను కట్టే అత్తగారు నింబవ్వ వేషం ఉంది చూడు, ఆ నడక, ఆ నడుం మీద చెయ్యి, ఆ గొణుగుడు మొత్తం మీ అత్తదే. ఒక్కసారి మీ వీధి అరుగు మీద చూసి పట్టుకొచ్చాను. అప్పటినుంచి దాని మీదే బతుకుతున్నాను.

ఆట ఇప్పటికి ఎనిమిది వందలు దాటింది. రెండో అంకంలో కోడలు రొట్టె వడ్డిస్తుంది. నేను ఒక ముక్క కొరికి మూతి ఎడమ చెవిదాకా వంకర తిప్పుతాను. మాట ఉండదు, పాట ఉండదు, ఉత్త మూతి. దానికే జనం వన్స్ మోర్ అని లేచి నిలబడతారు. ఊళ్ళో నన్ను చంపవ్వ అనేవాళ్ళు లేరు, ‘వంకరమూతి’ అనే పిలుస్తారు. నేనూ పలుకుతాను.

మా యజమాని శేఖరప్పది ఒక శాసనం ఉంది. ఏ పొరపాటుకైనా సరే, వన్స్ మోర్ పడిందంటే అది మర్నాటినుంచి నాటకంలో భాగం, తీయకూడదు. ఒకసారి కుష్టగిలో నా చీర మంచం మేకుకు తగులుకుని మంచంతో సహా పడ్డాను. వన్స్ మోర్ పడింది. అంతే, ఆరేళ్ళుగా ఆ మంచం రోజూ నా మీద పడుతూనే ఉంది. హునగుందలో ఒక పిల్లి వేదిక దాటితే ఈలలు వేశారు. మర్నాడు శేఖరప్ప దాన్ని పట్టించి గోనెసంచిలో తెప్పించాడు. అది మాత్రం వేదిక ఎక్కలేదు. మా కంపెనీ మొత్తంలో సిగ్గున్నది దానికొక్కదానికే.

కుడి చెయ్యి రెండు వారాలుగా తిమ్మిరెక్కుతోంది. బొట్టు పెట్టుకోబోతే కనుబొమ్మ మీద పడుతోంది. అలాగే వేదిక ఎక్కితే దానికీ నవ్వారు. నా బతుక్కి నవ్వనిదేముంది గనక.

అసలు సంగతికి వస్తాను. పుష్యంలో బనశంకరి జాతరకు మా గుడారం వేస్తున్నారు. గుళేదగుడ్డ నుంచి ఎంత దూరం, ఎడ్లబండి కూడా పొద్దు తిరక్కముందే వస్తుంది. అక్కా, ఒక్కసారి రా. నా కోసం ఏమీ తేకు. ముందు వరసలో కూర్చో. పక్కనున్న ఆడవాళ్ళతో ‘అది నా చెల్లెలు’ అని ఒక్క మాట అను. ఇరవై నాలుగేళ్ళలో నావాళ్ళంటూ ఒక్కరూ వచ్చి చూడలేదు నన్ను. నాకు నలభై నాలుగు వచ్చాయి. ఇంకెన్నాళ్ళు ఆడతాను?

నీ చెల్లెలు
చంపవ్వ


గుళేదగుడ్డ
4 డిసెంబరు 1983

చంపీకి నీలక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ బావ చేతిలో పడింది. అత్తగారి నడక గురించి చదివి ఆయన మగ్గం ఆపి బయటికి వెళ్ళిపోయాడు. నీకు బుద్ధి లేదే? చచ్చినావిడ నడక మీద వన్స్ మోర్లు కొట్టించుకుంటున్నానని ఎవరైనా ఉత్తరం రాస్తారా? చేస్తే చేశావు, నోరు మూసుకుని చేసుకో.

నవ్వొచ్చిందనుకో. వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆ గొణుగుడు నిజంగా వస్తుందా నీకు?

కానీ రాలేనే. సంవత్సరీకం పెట్టేదాకా ఇంటి కోడలు వేడుకలకు వెళ్ళకూడదు. పెట్టాక మాత్రం వస్తానా అంటే అదీ చెప్పలేను. మీ బావ చెడ్డవాడు కాదు, లోకం నోటికి జడుస్తాడు. మా ఆడపడుచు సంగతి నీకు తెలుసు, ఇక్కడ చీమ కదిలితే అక్కడ పాముగా చెబుతుంది. నేను నాటకం గుడారంలో కూర్చున్నానంటే మగ్గాల వీధి మొత్తానికి పండగ. దూరాన్నుంచి ఆశీర్వదిస్తున్నాను, అది చాలదా?

చెయ్యి తిమ్మిరికి నువ్వులనూనె కాచి మర్దన చేసుకో. ఆరుబయట పడుకోకు. నీ తిండి నాకు తెలియనిదా, బొరుగులు, మిరపకాయ బజ్జీలు. దానికి చెయ్యేమిటి, ఒళ్ళంతా తిమ్మిరెక్కుతుంది. ఇంత జొన్నరొట్టె, పప్పు తిను.

నీ మూతి సంగతి నాకు చెబుతావేమిటే? అది పుట్టింది ఎక్కడ? అమ్మ పోయిన ఏడు నేను పొయ్యి దగ్గర కూర్చుని రోజూ ఏడుస్తుంటే, అయిదేళ్ళ పిల్లవు, ఎదురుగా వచ్చి మూతి వంకర తిప్పి నిలబడేదానివి. నేను నవ్వేదాకా తిప్పి ఉంచేదానివి. ఒకసారి మూతి నొప్పెట్టి ఏడ్చావు కూడా. ఆ ఏడే జొన్న పాతర మూత తీసి ఉంటే అందులో పడ్డావు. లోపల ఊపిరాడక ‘నీలక్కా, నీలక్కా’ అని రెండుసార్లు అరిచావు. మూడోసారి అరవడానికి గొంతు లేదు. నేను చీర లోపలికి వదిలి నిన్ను పైకి లాగాను. మీ బావకు ఈ కథ చెబితే, అప్పుడే వదిలేసి ఉంటే ఈ తలవంపులు లేకపోవును అన్నాడు. వేళాకోళానికే అన్నాడులే.

పార్సెల్లో మా మగ్గం మీద నేసిన రవికె గుడ్డ పంపుతున్నాను. ఆకుపచ్చ, ఎర్రంచు. వేషానికి తొడగకు. ఇంట్లో తొడుక్కో.

నీ అక్క
నీలవ్వ


గజేంద్రగడ మకాం
22 డిసెంబరు 1983

నీలక్కకు,

రవికె గుడ్డ అందింది. బాగుంది. వేషానికి తొడగకు, ఇంట్లో తొడుక్కో అని రాశావు. ఏ ఇంట్లో అక్కా? రేకుల గోడ మధ్య నాలుగు పెట్టెలు, ఒక చాప, పక్కన వంట పొయ్యి. అక్కడ తొడుక్కుని ఎవరికి చూపించను? నాకున్న ఇల్లు ఆ వేదిక ఒక్కటే. నీ గుడ్డకు మైల పడుతుందనుకుంటే పంపకుండా ఉండాల్సింది.

కుట్టించాను. బనశంకరిలో రోజూ నింబవ్వ అదే తొడుక్కుంటుంది. నువ్వెలాగూ చూడవు కాబట్టి నీకు నొప్పి లేదు.

తెర పక్కన పుస్తకం పట్టుకుని మాట అందించే గురప్ప మాస్టారు నీ ఉత్తరం చదివి, ‘మీ అక్క రాకపోతే పోనీ తల్లీ, ప్రేమగానే రాసింది’ అన్నాడు. ఆయన పని అందించడమే కదా, లేని ప్రేమ కూడా అందిస్తాడు. దూరాన్నుంచి ఆశీర్వదించేది దేవుళ్ళు. నువ్వు నా అక్కవి. పాతరలోంచి లాగినదానివి. ఆ రోజు కూడా గట్టు మీద నిలబడి ఆశీర్వదించి ఉంటే సరిపోయేది.

నూనె రాస్తున్నాను. తిమ్మిరి తగ్గలేదు.

ఇక రమ్మని రాయను.

చంపవ్వ


గుళేదగుడ్డ
21 జనవరి 1984

నా చంపీ, నా బంగారు తల్లీ,

కోపం పోయిందా? పోయే ఉంటుంది. లేకపోతే అంతమందిలో అలా పిలుస్తావా?

వచ్చానే, వచ్చాను! నువ్వు చూశావు కాబట్టి నీకు చెప్పేదేముంది, అయినా చెప్పుకోకపోతే నా కడుపు ఆగదు. నీ పోయిన ఉత్తరం చదివి నాలుగు రోజులు అన్నం సహించలేదు. పున్నమి మర్నాడు బనశంకరికి ఆడపడుచుతో దర్శనానికి బయల్దేరాను. దర్శనమయ్యాక ఆవిణ్ణి తెలిసినవాళ్ళ విడిదిలో కూర్చోబెట్టి, గాజులు వేయించుకొస్తానని చెప్పి, మీ సాయంత్రం ఆటకు దూరాను. అందరికంటే వెనక, ఆడవాళ్ళ మధ్య నేల మీద, కళ్ళు తప్ప ఇంకేమీ కనపడకుండా కొంగు కప్పుకుని కూర్చున్నాను. యాభై ఏళ్ళ ముసలిదాన్ని, దొంగపిల్లలా.

ఎంత బాగా చేశావే! మా అత్తగారే లేచి వచ్చిందనుకుని ఒక్క క్షణం చేతులు జోడించబోయాను. నా ఆకుపచ్చ రవికె తొడుక్కున్నావు. కోపంతో తొడుక్కుంటానన్నావు గాని, తొడుక్కున్నావు కదా.

రొట్టె దగ్గరికొచ్చేసరికి ఊపిరి బిగపట్టాను. నువ్వేమో ఈసారి రొట్టె నోట్లో పెట్టకముందే మూతి తిప్పేశావు. అదింకా బాగుందే. చేతిలోంచి రొట్టె జారిపోయింది. తీయబోతావు, చెయ్యి పక్కకు పోతుంది. మళ్ళీ తీయబోతావు, మళ్ళీ పక్కకు. మూడుసార్లు. నా పక్కనున్నావిడ నవ్వలేక నా భుజం మీద పడిపోయింది. తర్వాత మూటలా మెల్లగా కూలబడ్డావు. గురప్ప మాస్టారు మాట అందిస్తుంటే వెనకదాకా వినపడింది, నువ్వు పట్టించుకోలేదు. అప్పుడు పిలిచావు. ‘నీలక్కా, నీలక్కా’.

నా ప్రాణం పోయిందనుకో. ఎలా చూశావే నన్ను అంత జనంలో? రవికె పంపిన చేతుల్ని గుర్తుపట్టావా? ఒకరిద్దరు వెనక్కి తిరిగి చూశారు. నేను కొంగు ముక్కుదాకా లాక్కుని తల వంచుకున్నాను. వంచుకుని అందరితోపాటు నవ్వాను. అంత నవ్వు నవ్వి ఎన్నేళ్ళయిందో. అమ్మ పోయిన ఏడు పొయ్యి దగ్గర నవ్వినట్టు నవ్వాను.

తెర వేశారు. వన్స్ మోర్, వన్స్ మోర్ అని గుడారం ఎగిరిపోయింది. మళ్ళీ తెర లేస్తే నువ్వు అక్కడే, అలాగే, అదే మూతితో కూర్చుని ఉన్నావు. మళ్ళీ నవ్వులు. అలా ఎవరు చేయగలరే? ఆ తర్వాతి రంగంలో నువ్వు లేవు. ఆడపడుచు వెతుక్కుంటూ వస్తుందేమోనని నేను లేచి వచ్చేశాను. తెర వెనక్కి రానందుకు కోపగించుకోకు. వచ్చి ఉంటే నిన్ను పట్టుకుని ఏడ్చేదాన్ని, గుట్టు బయటపడేది.

పక్కావిడతో ‘అది నా చెల్లెలు’ అని మాత్రం అనలేకపోయాను. నోటిదాకా వచ్చింది. వచ్చే ఏడు అంటాను. ఒట్టు.

నీ నీలక్క


బనశంకరి మకాం
2 ఫిబ్రవరి 1984

పూజ్యులైన సోదరీమణి నీలవ్వగారి పాదపద్మాలకు చంపవ్వ అనేక నమస్కారాలు.

తమరి ఆదరపూర్వకమైన లేఖ అందినది. తమరు శ్రమపడి విచ్చేసి నాటకాన్ని తిలకించినందుకు మా కంపెనీ వారందరూ ధన్యులు. మీరు నవ్వి ఆనందించడం కళాకారులకు మహా బహుమానం.

నా ఆరోగ్యం గురించి మీరు చింతించవద్దు. స్వల్పమైన అలసట చేత కొన్ని దినములు విశ్రాంతి తీసుకుంటున్నాను. నింబవ్వ పాత్రను ప్రస్తుతం చిరంజీవి రత్నమాల ధరిస్తున్నది. యజమాని శేఖరప్పగారు కన్నతండ్రి వలె చూసుకుంటున్నారు. వేళకు భోజనం, మందులు అందుతున్నవి.

మీ కుటుంబానికి బనశంకరీదేవి సకల సౌభాగ్యాలు ప్రసాదించుగాక.

ఇట్లు
మీ సోదరి
చంపవ్వ


గుళేదగుడ్డ
10 ఫిబ్రవరి 1984

చంపవ్వకు,

ఏమిటే ఆ ఉత్తరం? నేను నీకు ‘మీరు’ ఎప్పుడయ్యాను? పాదపద్మాలట. నా పాదాలకు పగుళ్ళు తప్ప పద్మాలు ఎన్నడూ లేవు. నీ రాత కూడా కాదు అది. మాటలు అందించే ముసలాయన చేత ఉత్తరాలు కూడా రాయించుకునేంత దొరసానివి అయ్యావా?

నాకు అర్థమైందిలే. నేను కొంగు లాక్కోవడం చూశావు. అందుకే పరాయిదాన్ని చేసి దెప్పుతున్నావు. కొట్టాలనుంటే తిన్నగా కొట్టు, ఇలా పూలదండ వేసి కొట్టకు.

ఇంకొక సంగతి. మా వీధి ఆడవాళ్ళు అయిదారుగురు మొన్న మీ ఆట చూసొచ్చారు. నీ బదులు కట్టిన పిల్ల కూడా రొట్టె జారవిడిచి, చెయ్యి పక్కకు పోనిచ్చి, కూలబడి ‘నీలక్కా, నీలక్కా’ అంటోందట. రోజూ వన్స్ మోరేనట. నా పేరు మీ నాటకంలో పెట్టేశారా? ఎవరినడిగి? ఇప్పుడు కొళాయి దగ్గర నేను బిందె ఎత్తితే చాలు, వెనక నుంచి ఒకతె మూతి తిప్పి ‘నీలక్కా’ అంటుంది, మిగతావాళ్ళు పళ్ళికిలిస్తారు. ఆడపడుచుకు అనుమానం వచ్చి గాజుల సంగతి తవ్వింది. మీ బావ మూడు రోజులుగా నాతో మాట్లాడడం లేదు.

దొంగతనంగా వచ్చినందుకు నాకు ఈ శాస్తి చేశావు. పిలిచావు సరే, ఆ రోజుకు అది మన ఇద్దరిదీ అనుకున్నాను. దాన్ని ఊరందరికీ పంచిపెడతావా? నీకు నవ్వించడం తప్ప ఇంకేదీ పట్టదే. మనిషి బతుకు ఏమైపోయినా సరే, వన్స్ మోర్ పడితే చాలు నీకు.

నువ్వే నీ చేత్తో జవాబు రాసేదాకా నేను రాయను.

నీలవ్వ


రోణ మకాం
29 ఫిబ్రవరి

అక్కా,

నా చేత్తోనే రాస్తున్నాను. ఎడమ చేత్తో. రోజుకు నాలుగు వరసలు. ఇది ఎనిమిది రోజుల ఉత్తరం.

పోయిన ఉత్తరం గురప్ప మాస్టారిది. నేను చెప్పినది ఆయనకు అర్థం కాలేదు. నా మాట ఎవరికీ అర్థం కావడం లేదు. భయపెట్టకూడదని తనకు తోచింది రాశాడు. పాపం, ఆయనకు నాటకం భాష తప్ప రాదు.

అక్కా, ఆ రోజు నేను నటించలేదు.

రొట్టె పట్టుకున్నాను. చెయ్యి నాది కాకుండా పోయింది. మూతి దానంతటది పోయింది. రొట్టె కనపడుతోంది, అందడం లేదు. కూర్చోలేదు, పడ్డాను. మాస్టారు మాట అందిస్తున్నాడు, వినపడుతోంది, నోరు తిరగడం లేదు. జనం నవ్వుతున్నారు. ఆ నవ్వు నాకు బాగా తెలిసిన నవ్వే. ఇరవై నాలుగేళ్ళుగా దాని మీదే బతికాను. ఆ రోజు మాత్రం అది ఆగితే బాగుండునని దేవుణ్ణి అడిగాను.

నిన్ను నేను చూడలేదు. దీపాలు కళ్ళలో కొడితే రెండో వరస కూడా కనపడదు మాకు. నువ్వు వచ్చావని నీ ఉత్తరం చదివి వినిపించాకే తెలిసింది. పాతరలో పడ్డట్టయింది, అందుకే పిలిచాను. అంతే. నువ్వు గుళేదగుడ్డలో ఉన్నావనుకునే పిలిచాను.

నువ్వు అక్కడే ఉన్నావు. నవ్వానని రాశావు. మాస్టారు ఆ వరస దగ్గర ఆగిపోయాడు. చదవమన్నాను.

కంపెనీవాళ్ళూ వన్స్ మోర్ కోసం కూర్చున్నాననుకున్నారు. రెండోసారి తెర వేశాక రత్నమాల నన్ను కదిపి చూసి కేక పెట్టింది. ఆట ఆపలేదు. అయ్యాకే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. పక్షవాతం, పడ్డప్పుడే తెచ్చి ఉంటే ఏమైనా చేసేవాణ్ణి అన్నాడు. కుడి పక్క పోయింది. మూతి తిరిగి రాలేదు.

నీ పేరు నేను పెట్టించలేదు. శాసనం నీకు చెప్పాను కదా. రత్నమాల చెడ్డది కాదు. మర్నాడు నా కాళ్ళ దగ్గర కూర్చుని, ‘అత్తా, యజమాని చేయమంటున్నాడు, నా వల్ల కాదు’ అని ఏడ్చింది. చేసింది, బాగా రాలేదు. ముందే మూతి తిప్పేస్తోంది. ముందు వేళ్ళు పోవాలి, తర్వాత చెంప జారాలి, తర్వాత మూతి. నేనే సైగ చేసి నేర్పాను. తప్పుగా చేస్తుంటే చూడలేకపోయాను.

ఇప్పుడు నన్ను తెర పక్కన స్టూలు మీద కూర్చోబెడతారు. అది రోజూ పిలుస్తుంది. జనం నవ్వుతారు. ఎవరూ పలకరు.

చంపవ్వ


గుళేదగుడ్డ
16 మార్చి 1984

చంపీ,

నేను వచ్చింది, చేసింది, అన్నీ నువ్వు చూశావు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే నేను ఎదుట కూర్చుని మాట్లాడుతుంటే నువ్వు గోడవైపు తిరిగి ఉన్నావు.

నీ ఉత్తరం చదివాక మీ బావ ముందు పెట్టాను. చదివి చాలాసేపు పడుగు సరిచేస్తూ కూర్చున్నాడు. తర్వాత, ‘వెళ్ళు, తీసుకురా’ అన్నాడు. ఇరవై నాలుగేళ్ళకు ఆ మాట అన్నాడు. నేను ఆడపడుచుకు చెప్పే బయల్దేరాను. నాటకానికి వెళ్తున్నాను, అది నా చెల్లెలు అన్నాను. ఇన్నాళ్ళూ నేను దేనికి భయపడ్డానో నాకే తెలియలేదు.

ముందు వరసలో కూర్చున్నాను, తల మీద కొంగు లేకుండా. కుడి పక్కన ఎవరో పోలీసాయన భార్య, ఎడమ పక్కన ఒక పంతులమ్మ. ఇద్దరితోనూ చెప్పాను, ఈ వేషం నా చెల్లెలిది, ఈ పిల్లది కాదు అని. వాళ్ళు తలూపారు. ఆ పిల్ల రొట్టె జారవిడిచింది. చంపీ, ఆ రోజు నాకు కనపడనిదంతా అప్పుడు కనపడింది. వేళ్ళు, చెంప, మూతి, నువ్వు రాసిన వరసలోనే. చుట్టూ అందరూ నవ్వుతున్నారు. నా వెనకాల ఎవరో నాలాగే నవ్వుతోంది.

‘నీలక్కా’ అంది. లేచి నిలబడ్డాను. ‘ఉన్నానే, ఇక్కడే ఉన్నాను, వస్తున్నాను’ అన్నాను. నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకు తెలియదు. ఆ పిల్ల బెదిరిపోయి నిజంగానే నోరు తెరిచింది. జనం విరగబడి నవ్వారు. కాళ్ళతో నేల తన్నారు. వన్స్ మోర్, వన్స్ మోర్. ఆ పోలీసాయన భార్య నా తొడ మీద చరిచి, ‘మీరూ కంపెనీ మనిషేనా, ముందే చెప్పరేం?’ అంది. నేను ఏడుస్తూ నిలబడితే దానికీ నవ్వారు. నువ్వు అక్కడ కూర్చుని ఏం విన్నావో ఆ రోజు, నేను ఈసారి విన్నాను.

తెర వెనక్కి వస్తుంటే శేఖరప్ప ఎదురొచ్చి రెండు చేతులూ జోడించాడు. ‘అమ్మా, ఈ మకాం అయ్యేదాకా రోజూ ఇలా కూర్చోండి, మీకు పుణ్యముంటుంది’ అన్నాడు. చెప్పు తీయబోయాను. వేళాకోళం కాదు, మనస్ఫూర్తిగానే అడిగాడు. అతనికి అందులో తప్పు కనపడలేదు. అదే నన్ను ఎక్కువ కోసేసింది.

నువ్వు స్టూలు మీద ఉన్నావు. ఆకుపచ్చ రవికె తొడుక్కుని ఉన్నావు. నన్ను చూశావు. మూతి అలాగే ఉంది, కళ్ళలో నీళ్ళున్నాయి. కాళ్ళ దగ్గర కూర్చుని ఇంటికి రమ్మన్నాను, బావే పంపాడన్నాను. నీ మంచం పొయ్యి పక్కన వేస్తానన్నాను. ఎడమ చేత్తో తెర పక్కనున్న కర్ర స్తంభం పట్టుకున్నావు. గురప్ప మాస్టారు, నేను, రత్నమాల బతిమాలినా వేళ్ళు వదల్లేదు. తర్వాత గోడవైపు తిరిగావు. బస్సు వేళ అయ్యేదాకా కూర్చుని వచ్చేశాను.

దారంతా ఒకటే ఆలోచన. నేను పలికినప్పుడు నువ్వు నవ్వావా, ఏడ్చావా? ఆ మూతిని పుట్టినప్పటినుంచి ఎరిగినదాన్ని, నాకే తెలియలేదు. ఒక్క ముక్క రాయి. నన్ను తిట్టు, ఏమైనా రాయి. మళ్ళీ వస్తాను, నువ్వు ఆ స్తంభం వదిలేదాకా వస్తూనే ఉంటాను.

నీ నీలక్క


రోణ మకాం
27 మార్చి

అక్కా,

నవ్వానా ఏడ్చానా అని అడిగావు. ఈ మూతికి ఇక రెండూ ఒకటే. నన్ను అడగకు, నాకూ తెలియలేదు.

బావకు నా దండాలు చెప్పు. మంచం వేయొద్దు. నీ పొయ్యి పక్కన నేను కూర్చుంటే రోజూ నా మొహం నీకు ఎదురుగా ఉంటుంది. నువ్వు నవ్వలేవు, నేను తిప్పి ఉంచడం మానలేను. చిన్నప్పుడైతే నువ్వు నవ్వాక వదిలేసేదాన్ని.

నువ్వు వెళ్ళిన మర్నాటినుంచి మా వంటావిణ్ణి ముందు వరసలో కూర్చోబెడుతున్నారు. రత్నమాల పిలవగానే లేచి, ‘ఉన్నానే, ఇక్కడే ఉన్నాను, వస్తున్నాను’ అంటుంది. నీ మాటే, అక్షరం పోలేదు. రోజూ వన్స్ మోర్ పడుతోంది. శేఖరప్ప సంతోషంగా ఉన్నాడు.

ఆవిడ నీ అంత బాగా అనదు. గొంతులో తడి లేదు. కానీ సమయానికి అంటుంది.

నువ్వు మాట బాగానే అన్నావక్కా. అది బనశంకరిలో అనాల్సిన మాట. అందుకోవడమే ఆలస్యమైంది.

చంపవ్వ